మొదట దొరికిన కొలతలు

సోమవారం, ఏడో తారీఖు

కుర్చీ ఇక నాదేనని మా ఆయన అందరి ముందూ అన్నారు. కంప్యూటర్ ముందుండే చక్రాల కుర్చీ. కూర్చోబోతే వెనక్కి జారిపోయింది. ఇస్త్రీ పెద్దాయన "కొత్త గుర్రం అమ్మాయ్, మచ్చికయ్యేదాకా గట్టిగా పట్టుకో" అన్నాడు. నవ్వు ఆగలేదు. బావగారు కూడా ఉన్నారని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ఆడపడుచు ఉద్యోగానికని వేరే ఊరు వెళ్ళిపోయింది గనక ఆ కుర్చీ ఖాళీ అయింది. మా కుట్టుపని ప్రోగ్రాం రాసింది తనే. వెళ్ళేముందు పక్కన కూర్చోబెట్టుకుని నాకు నేర్పింది. నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాను, మాటలు రావు. "మాటలు రాకపోతేనేం వదినా, అంకెలు వచ్చుగా. నువ్వు మార్చాల్సింది అంకెలే" అంది.

ప్రోగ్రాం పేరు గీతలు. తెర మీద దాని బొమ్మ నొక్కితే గీతల మిషన్ పెద్ద కాగితం చుట్ట మీద కోటు ముక్కలన్నీ గీసిపెడుతుంది. వీపు, ముందు భాగం, చేతులు, కాలరు. బావగారు ఆ కాగితాన్ని గుడ్డల దొంతర మీద పరిచి కరెంటు కత్తితో కోస్తారు. ఏది ఎంత పొడుగన్నది ప్రోగ్రాంలో ఉండదు. వేరే ఫోల్డర్లో, కొలతలు అనే ఫైల్లో ఉంటుంది. కావలసినప్పుడు ప్రోగ్రామే దాన్ని పిలిపించుకుంటుంది. నేను ఆ ఫైలు తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు.

ముట్టుకోను.

బుధవారం, ఇరవై మూడు

ఇన్నాళ్ళూ పాత కొలతలే. బొమ్మ నొక్కడం, కాగితం చుట్టి బావగారి బల్ల మీద పెట్టడం. ఇవాళ మొదటిసారి అంకెలు మార్చాను.

ఆసుపత్రి నర్సులకి కోట్లు. చేతులు మణికట్టు దాకా రావాలట. మనం ఎప్పుడూ గీసేదానికన్నా రెండంగుళాలు ఎక్కువ. మార్చాను. సేవ్ నొక్కాను. మూసి, మళ్ళీ తెరిచి చూశాను. కొత్త అంకెలు బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఆయనకి చూపిద్దామనుకున్నాను గానీ బజారుకెళ్ళారు. వచ్చాక "చేశావా?" అని అడిగారు. "ఊఁ" అన్నాను. అంతకన్నా చెప్పడానికేముంది.

శనివారం

చేతులు పొట్టిగా వచ్చాయి.

శనివారమే, మధ్యాహ్నం

అందరూ అన్నాలు తిని పడుకున్నారు. నేను రాస్తూ కూర్చున్నాను.

పొద్దున్న ఆసుపత్రి పెద్ద నర్సమ్మ వచ్చింది. దొంతరలోంచి ఒక కోటు లాగి తొడుక్కుంది. చెయ్యి పైకెత్తింది. మణికట్టు మొత్తం బయటికొచ్చింది, కోటు చెయ్యి దాని వెనకే ఆగిపోయింది. "ఇది నర్సులకా, చేపలు కడిగేవాళ్ళకా?" అంది. కోటు విప్పి బల్ల మీద పడేసి, మళ్ళీ కుట్టి పంపమని చెప్పి వెళ్ళిపోయింది.

ఆవిడ చెయ్యెత్తగానే పరుగున వెళ్ళి కొలతల ఫైలు తెరిచాను. కొత్త అంకెలే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. లేస్తూ లేస్తూ వేళ్ళు వాటంతటవే సేవ్ నొక్కాయి. ఆడపడుచు అలవాటు చేసింది. "గది దాటేముందు గడియ వేసినట్టు, లేచేముందు సేవ్ నొక్కు వదినా" అనేది.

ఆ నొక్కిందే నా కొంప ముంచింది.

బావగారు నాతో నేరుగా మాట్లాడరు, నేనూ మాట్లాడను. తమ్ముడితో అన్నారు: "ఒరేయ్, అంకెలు మార్చిందో లేదో అడుగు మీ ఆవిణ్ణి."

"మార్చాను" అన్నాను. నా మాట నాకే సరిగా వినబడలేదు.

ఆయన ఫైలు తెరిచారు. అంకెలు సరిగ్గా ఉన్నాయి. చూశారుగా, ఇంక అయిపోయిందనుకున్నాను. బావగారు భుజం మీదుగా వంగి చూశారు.

"ఉంటాయిరా, ఎందుకుండవు? ఇప్పుడేగా మార్చింది. కింద సేవ్ చేసిన టైం చూడు. నర్సమ్మ అటు గుమ్మం దాటిందో లేదో ఇటు దిద్దేసింది."

టైం అలాగే ఉంది. ఇవాళ పొద్దున్నది.

"తప్పు చేస్తే చేసింది, గుడ్డ పోతే పోయింది. అబద్ధమెందుకట? అబద్ధాలకోరుతో పని చేయించడం నా వల్ల కాదు."

అత్తయ్య మెట్ల మీద నుంచి "చదువు లేకపోతే పోయింది, నిజమైనా ఉండాలి కదే అమ్మా" అన్నారు. ఇస్త్రీ పెద్దాయన తల దించుకుని, అప్పటికే ఇస్త్రీ అయిన గుడ్డని మళ్ళీ ఇస్త్రీ చేశాడు.

ఆయన ఏమీ అనలేదు. అన్నగారి ముందు ఆయన మాత్రం ఏమంటారు. ఏమీ అనలేదు, ఊరుకున్నారు, అంతే.

ఆదివారం

అన్నారు.

నిన్న ఆయన మాట రాయలేదు. రాస్తే నిజమైపోతుందని. "మార్చలేదని ఒప్పేసుకో, పోతుంది" అన్నారు. అందరి ముందూ. గొంతు పెంచలేదు. మందు మింగేయి, తగ్గిపోతుంది అన్నట్టు అన్నారు. మార్చినదాన్ని మార్చలేదని ఎలా ఒప్పుకుంటాను? అబద్ధం చెప్పానన్నవాళ్ళే అబద్ధం చెప్పమంటున్నారు.

మార్చాను. సేవ్ నొక్కాను. బుధవారం నాడు. ఒకవేళ వేలు జారిందా? లేదు. మూసి, తెరిచి చూశాను కదా. నొక్కాను.

ఇంకో మాట. రాస్తే గానీ నా కడుపుమంట చల్లారదు. బావగారి మెడలో పొద్దస్తమానం టేపు వేలాడుతూనే ఉంటుంది. స్నానానికి వెళ్ళినా తీస్తారో లేదో. ఆ టేపు ఒక్కసారి, ఒకే ఒక్కసారి కాగితం మీద పెడితే తెలిసేది కదా చెయ్యి పొట్టిదని. ఆయన్ని ఎవరైనా అడిగారా? "కాగితం ఎలా ఉంటే అలా కోస్తాను" అన్నారు. ఆహా. చెప్పినట్టే ఫైల్లో మార్చానని నేనంటే మాత్రం అబద్ధం.

కుర్చీ గోడ వైపు తిప్పేశారు. రేపటి నుంచి నేను గుండీలు కుట్టాలట. అత్తయ్య ఎవరో చదువుకున్న అమ్మాయిని చూస్తామంటున్నారు.

సోమవారం

మళ్ళీ పొట్టే!

ఆయనే కూర్చున్నారు. కొలతల ఫైలు తెరిచి, నేను పెట్టిన అంకెలే మళ్ళీ ఒక్కొక్కటీ కొట్టారు. బొమ్మ నొక్కారు. గీతల మిషన్ గీసింది. ఈసారి బావగారికి టేపు గుర్తొచ్చింది. పెట్టి చూశారు.

"రెండంగుళాలు తక్కువ రా."

ఆయన మళ్ళీ కొట్టారు. మళ్ళీ తక్కువ. కంప్యూటర్ ఆపి పెట్టారు. మళ్ళీ తక్కువ. నేను గుండీల దగ్గర తల వంచుకుని ఉన్నాను గానీ, రాయడానికి సిగ్గెందుకు, ప్రాణం లేచొచ్చింది.

"కంప్యూటర్‌కేదో అయింది" అన్నారు ఆయన.

"అయ్యుంటుంది. పాతదైంది కదా పాపం" అన్నారు బావగారు.

నేను కూర్చుంటే అబద్ధం. ఆయన కూర్చుంటే కంప్యూటర్‌కి జబ్బు. పాపమట! ఆ డబ్బా మీద పడిన జాలిలో వీసమెత్తు నా మీద పడలేదు. ఇప్పటికైనా ఒక్కరు ఇటు తిరిగి "అయ్యో, నువ్వన్నది నిజమేనేమో" అంటారని చూశాను. దారం సూదిలోకి ఎక్కించి, తీసి, ఎక్కించి చూశాను.

అత్తయ్య "చిన్నదానికి ఫోన్ చెయ్యరా" అన్నారు. "అక్కర్లేదమ్మా, నేనే చూస్తా" అన్నారు ఆయన. సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నారు.

మంగళవారం

ఇవాళ్టిది మొత్తం రాయాలి.

అత్తయ్యే ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టి కీబోర్డు పక్కన ఉంచారు. ఆయన కూర్చోబోయారు.

"అన్నయ్య వద్దు" అంది ఆడపడుచు. "వాడు నేను చెప్పడం పూర్తికాకముందే నొక్కేస్తాడు. వదినని కూర్చోబెట్టండి."

"మీ వదిన గుండీల దగ్గర ఉందే" అన్నారు అత్తయ్య.

"గుండీల దగ్గరా? ఎందుకు?"

గుండీల డబ్బా పక్కన పెట్టి లేచాను. కుర్చీని నా వైపు నేనే తిప్పుకున్నాను.

గీతల ప్రోగ్రాం తెరిపించింది. మొదటిసారి చూశాను దాన్ని. అంతా ఇంగ్లీషు. అందులో కొలతల్ని పిలిచే వరస వెతికించి, దాని కిందే రెండు వరసలు చేర్చమంది. ఒక్కొక్క అక్షరం చెప్పింది. "చుక్క పెట్టు. ఇప్పుడు కింద గీత. ఇంకో కింద గీత. రెండూ ఆనుకునే ఉండాలి వదినా, అత్తాకోడళ్ళలా ఎడం పెట్టకు." ఇస్త్రీ పెద్దాయన కిసుక్కున నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు.

నడిపాను. తెర మీద ఫోల్డర్ల పేర్లు వరసగా వచ్చాయి. చదవమంది. కూడబలుక్కుని చదివాను.

"ఆ వరస ఉంది చూశావూ, అదే దాని వెతుకులాట" అంది. "మనం దాంతో కొలతలు తీసుకురా అని మాత్రమే అంటాం. ఎక్కడున్నాయో చెప్పం. అది ముందు గీతల ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్లోనే చూస్తుంది. అక్కడ లేకపోతే నేను పెట్టిన కొలతల ఫోల్డర్. అక్కడా లేకపోతే పైథాన్, అదే నేను ప్రోగ్రాం రాసిన భాష, దాంతో పాటు వచ్చిన సామాను, ఆ తర్వాత మనం బయటి నుంచి తెచ్చుకున్న సామాను. ఎక్కడా దొరక్కపోతే గోలపెడుతుంది. కానీ ఎక్కడ మొదట దొరికితే అక్కడే ఆగిపోతుంది. ఇంకోటుందేమో, అది దీనికన్నా కొత్తదేమో అని చూడదు. ఇప్పుడు రెండో వరస చదువు. కొలతలు ఎక్కడి నుంచి తెచ్చిందో అందులో ఉంటుంది."

చదివాను. కొలతల ఫోల్డర్ పేరు కాదది. గీతల ఫోల్డర్ పేరు.

ఆడపడుచు ఆ పేరు నా చేత మళ్ళీ చదివించింది.

"వదినా, గీతల ఫోల్డర్ తెరువు. కొలతలు అని ఇంకో ఫైలుందా అక్కడ?"

ఉంది. అదే పేరు. ప్రోగ్రాం పక్కనే, భుజం భుజం రాసుకుని. తెరిస్తే పాత అంకెలు. పొట్టి చేతులు.

"అది నేను పెట్టలేదు" అంది ఆడపడుచు. "నువ్వు అసలు ఫైల్లో ఎన్నిసార్లు మార్చినా దండగే. ఇది ముందే దొరుకుతుంది గనక అది నీ ఫైలు దాకా రానేరాదు. గోల కూడా పెట్టదు, దొరికిందిగా. ఎప్పుడు పెట్టారో చూద్దాం. దాని మీద కుడివైపు నొక్కి, తయారైన తేదీ చదువు."

"ఏడు" అన్నాను. "పొద్దున్న."

ఏడో తారీఖు. మధ్యాహ్నం నాకు కుర్చీ ఇచ్చిన రోజు.

"అప్పటికి వదిన ఇంకా కూర్చోలేదుగా. ఎవరు పెట్టారు అన్నయ్యా?"

ఆయన దగ్గారు. "నేనే... ఒక కాపీ తీసి పెట్టాను. జాగ్రత్తకి. తనకి తెలియదు కదా, పొరపాటున అన్నీ చెరిపేస్తే మనకంటూ ఒకటుండాలని. మర్చిపోయాను."

"పెట్టేవాడివి పేరు మార్చి పెట్టాలి, లేదా ఇంకెక్కడైనా పెట్టాలి! సరిగ్గా దాని ముక్కు కింద, అదే పేరుతో పెట్టావా? తీసెయ్ వదినా దాన్ని. చెరిపెయ్."

చెరిపేశాను. బొమ్మ నొక్కితే చేతులు రెండంగుళాలు పెరిగి వచ్చాయి. బావగారు టేపు పెట్టి తలూపారు.

ఇక ఇప్పుడంటారు అనుకున్నాను.

అత్తయ్య అన్నారు: "పోనీలే, దొరికింది. మగాడు జాగ్రత్తపడితే తప్పేముంది? మనింట్లో తాళంచెవికి మారు తాళంచెవి లేదా? కోటు లోపల మారు గుండీ కుట్టమా? అలాగే ఇదీను."

బావగారు అన్నారు: "చూశావురా, కంప్యూటర్ కూడా మొగుడి మాటే వింటుంది!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఫోన్లోంచి ఆడపడుచు "ఏంటి జోకు? వదినా, ఏమన్నారు నిన్ను?" అంటూనే ఉంది. అత్తయ్య పెట్టేశారు.

బుధవారం

మారు తాళంచెవి ఇల్లు పోగొట్టుకోకుండా ఉండటానికి. మారు గుండీ ఊడితే కుట్టుకోవడానికి. నాకు మారు దేనికి? నేను ఊడిపోయానా?

పొద్దున్న నా మీద నమ్మకం లేక కాపీ తీశారు. మధ్యాహ్నం అందరి ముందూ "కుర్చీ ఇక నీదే" అన్నారు. నేనేమో ఆ చక్రాల మీద ఊగుతూ నవ్వుకున్నాను. నేనన్నది ఎవరూ వినలేదంటే మొదటి రోజు నుంచే నాకు ముందు ఆయన కాపీ కూర్చుని ఉంది. నా అంకెల దాకా ఎవరూ రాలేదు. కంప్యూటర్ రాలేదు. ఆయన రాలేదు.

అది కూడా కాదు. మర్చిపోయానన్నారు చూడండి, అదీ నన్ను కోసేస్తున్నది. నన్ను నమ్మకపోవడం ఆయనకి గుర్తుంచుకోదగ్గ సంగతే కాదు. గొడుగు ఎక్కడో మర్చిపోయినట్టు మర్చిపోయారు.

"పద, కూర్చో, మిగతా సైజులు గీయించాలి" అన్నారు ఇందాక. ఏమీ జరగనట్టు. నేను గుండీల డబ్బా తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి కూర్చున్నాను.

గురువారం

మెట్ల మలుపులో ఆపారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "సరేలే, పొరపాటైంది. ఇంక మామూలుగా ఉండు" అన్నారు.

నాకు మామూలుగా అయితే అక్కడే కరిగిపోవాలి. కరగబోయాను కూడా. "ఆ మాట కింద అనండి" అని నోటి నుంచి వచ్చేసింది.

"కిందా? పనివాళ్ళ ముందా?"

"అన్నది వాళ్ళ ముందే కదండీ."

నా మొహం చూశారు, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు. పైకెళ్ళిపోయారు.

శుక్రవారం

అత్తయ్య: "పైన చెప్పాడట కదే! ఇంకా కింద చెప్పాలా? నాలుగు మెట్లు దిగితే మాట మారిపోతుందా?"

మారదా? నన్ను అబద్ధాలకోరని పైన, తలుపేసుకుని, మెల్లిగా అన్నారా?

పైకి మాత్రం "ఊఁ" అన్నాను. నాకు నోరు రాదు. రాసేటప్పుడు మాత్రం ఎక్కడి నుంచి వస్తుందో.

ఆయన కంప్యూటర్ దగ్గర ఇరుక్కుపోయారు. బయట ఆర్డర్లకి వెళ్ళాలి, వెళ్ళలేరు. అటు కాగితం చిక్కుకుంటుంది, ఇటు ఫోన్ మోగుతుంది. నేను చూడట్లేదు. చూడకపోయినా తెలుస్తుంది. ఇస్త్రీ పెద్దాయన నేను కుట్టిన కోటు ఒకటి అందుకుని గుండీ లాగి చూశాడు. "అమ్మాయ్, ఇంత బిగించి కుట్టకు తల్లీ. గుండీ ఊడిరావడం లేదు, గుడ్డే ఊడొస్తోంది" అన్నాడు. వారం రోజుల్లో ఈ ఇంట్లో నాతో మనిషిలా మాట్లాడింది ఆయనొక్కడే. ఏడుపొచ్చింది. దారం కొరుకుతున్నట్టు వంగిపోయాను.

నాకు ఆ కుర్చీ కావాలి. ఎవరికీ చెప్పలేదు గానీ చాలా కావాలి. అంకె మారిస్తే కాగితం మీద కోటు పొడుగవుతుందే, అది నా చేత్తో అవ్వాలని ఉంది. రేపు కొత్త అమ్మాయి వస్తే అయిపోయినట్టే. ఒకసారి వెళ్ళి కూర్చుంటే పోయేదానికి ఇంత పట్టుదలెందుకు అని పొద్దున్నుంచి అనుకుంటున్నాను. కానీ అలా కూర్చుంటే, ఆయనన్నట్టు ఒప్పేసుకున్నట్టే అవుతుంది.

కూర్చోను.

శనివారం

అన్నారు.

కిందే అన్నారు. బావగారి కత్తి గుడ్డల దొంతరలోకి దిగి గుర్రుమంటుంటే, ఆ చప్పుడు చూసుకుని వచ్చి, నా గుండీల డబ్బా పక్కన నిలబడి అన్నారు. పెదాలు కదలడం కనబడింది. ఒక్క ముక్క వినబడలేదు. అని, పని అయిపోయినట్టు చేతులు దులుపుకున్నారు.

చెప్పడానికి కూడా ముసుగు కావాలా ఈయనకి!

"వినబడలేదండీ" అన్నాను. నా గొంతు కత్తి చప్పుడుకి మించి వచ్చింది. అంత గొంతు నాకుందని నాకే తెలియదు.

బావగారు కత్తి ఆపేశారు. "ఏంట్రా? ఏమంటున్నావు?"

ఆయన నన్ను చూశారు, వద్దు అన్నట్టు. నేను చూపు తిప్పుకోలేదు. ఇస్త్రీ పెద్దాయన పెట్టె నిలబెట్టాడు. మెట్ల మీద అత్తయ్య ఆగిపోయారు.

"అదే... తను అబద్ధం చెప్పలేదు అన్నయ్యా" అన్నారు. "బుధవారమే మార్చింది. ఆ కాపీ నాది. తనని నమ్మక పెట్టాను. ఒప్పేసుకోమని నేను అనకూడదు."

చెవులు ఎర్రగా అయిపోయాయి. జాలేసింది. వేసినా ఊరుకున్నాను.

"సరే, అయిపోయిందిగా" అన్నారు బావగారు, ఎవరితోనో. "ఇంక పని కానివ్వండి." కత్తి స్విచ్ మీద వేలు పెట్టారు.

ఈ ఇంటికి వచ్చాక బావగారితో నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగను. చేతిలో సూదిని కోటుకి గుచ్చి లేచి నిలబడ్డాను.

"ఆపే ఉంచండి బావగారూ" అన్నాను. "మీరూ ఒక మాట అన్నారు."